మూడు 'సీ'లు దాటితే

మా వాళ్ళకి ఒక జబ్బుంది. ఏ క్లినిక్కులోనూ దానికి మందు లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి ఎవరైనా ఎదురుగా నిలబడి స్పానిష్‌లో ఏదైనా అడిగితే "సీ" అంటారు. సీ అంటే అవును. మేస్త్రీ అడిగినా సీ, పాదిరీ అడిగినా సీ, బళ్ళో టీచరమ్మ అడిగినా సీ. అడిగిందేమిటో అర్థం కానక్కర్లేదు. పెద్దమనిషి నోరు తెరిచి అడిగాక కాదనడం, తెలియలేదనడం మెక్సికోలో మా ఒవహాకా కొండల్లో మర్యాద కాదు. ఆ మర్యాదని మూటగట్టుకుని సరిహద్దు దాటించి ఈ స్ట్రాబెర్రీ తోటల దాకా మోసుకొచ్చారు. దారిలో చాలా సామాన్లు పారేశారు గాని, దీన్ని మాత్రం పారేయలేదు.

మా పిన్ని ఒబ్దూలియా జీవితమంతా ఈ ఒక్క మాటతోనే పోట్లాట. మనిషి ఐదడుగులు కూడా ఉండదు. పద్దెనిమిదేళ్ళుగా చాళ్ళలో వంగి కాయలు కోసిన నడుం. శాంతా మరియా తోటల్లో పొద్దున్నే, పొగమంచులో, కళ్ళు తప్ప ముఖమంతా రుమాలు చుట్టుకున్న ఆడవాళ్ళ బారులో ఆమెని గుర్తుపట్టడం తేలిక. రుమాలు వెనక నోరు ఆడుతూ ఉండేది ఆమెకే.

వచ్చిన కొత్తలో ఆమెకి స్పానిష్ రాదు. మెక్సికో నుంచి వచ్చి స్పానిష్ రాకపోవడమేమిటని తోటలో తక్కిన మెక్సికన్లు నవ్వేవాళ్ళు. మాదీ మెక్సికోయే, కాని మా భాష వేరు. దాని పేరుకి అర్థం వాన మాట. మేం వాన జనం. స్పానిష్ మా కొండల్లోకి గుర్రమెక్కి వచ్చింది, ఐదు వందల ఏళ్ళయినా కొన్ని ఊళ్ళకి ఇంకా చేరలేదు. చేరని ఊళ్ళలో మాదొకటి. తోటి కూలీలు మా భాషని భాష అనరు, యాస అంటారు. మమ్మల్ని ఒవహాకా పొట్టోళ్ళు అంటారు. తెల్లవాడి ముందు అందరం ఒకే మట్టిలో వంగుతాం, వంగిన చోట కూడా మాకంటే ఒక మెట్టు పైనున్నామని వాళ్ళ ధీమా.

పిన్నికి ఇరవై రెండేళ్ళప్పుడు ఒక ఆసుపత్రిలో కూతురు సెనైదా పుట్టింది. నొప్పులు పడుతూ ఉండగా ఒకావిడ అట్ట మీద కాగితాలు పెట్టుకొచ్చి స్పానిష్‌లో నాలుగు ప్రశ్నలు అడిగింది. పిన్ని నాలుగుసార్లు సీ అంది. చూపించిన చోట పేరు రాసింది. అప్పటికి ఆమెకి రాయడం వచ్చిన మాట అదొక్కటే. తర్వాత మళ్ళీ కడుపు ఎందుకు నిలవడం లేదో తెలియక రెండేళ్ళు మూలికలు తాగింది, రాళ్ళు కాల్చి ఆవిరి పట్టుకుంది. చివరికి పచ్చ క్లినిక్కుకి వెళ్తే, అక్కడ నర్సు కాగితాలు తిరగేసి, "మీరు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నారు కదమ్మా," అంది.

పిన్ని దానికి కూడా సీ అంది. ఇంటికొచ్చాక, నర్సు పలికిన ముక్కల్ని పలికినట్టే పక్కింటామెకి అప్పజెప్పి, అర్థం అడిగి తెలుసుకుంది.

మొగుడు ఆపిల్ తోటల పనికని ఉత్తరానికి వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టాడు. ఆసుపత్రి వాళ్ళు "సంతకం మీదే" అన్నారు. నిజమే. ఆ నిజం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏదో ఒకటి పగలగొట్టాలనిపిస్తుంది. పిన్ని ఏదీ పగలగొట్టలేదు. స్పానిష్ నేర్చుకుంది. మేస్త్రీ తిట్లతో మొదలుపెట్టి, రేడియో ప్రకటనల మీదుగా, సెనైదా ఒకటో తరగతి పుస్తకం దాకా. నాలుగేళ్ళు పట్టింది. ఆ తర్వాత వానపడి తోటపని లేని రోజుల్లో పచ్చ క్లినిక్కుకి వెళ్ళి కూచోవడం మొదలుపెట్టింది. రమ్మని ఎవరూ పిలవలేదు.

దాన్ని పచ్చ క్లినిక్కు అనేది గోడల రంగుని బట్టి. ఈ దేశంలో ఉండటానికి కాగితాలున్నాయా లేవా అని అక్కడ అడగరు, అంతవరకు మంచివాళ్ళే. తలుపు మీద "ఇక్కడ మీ భాష మాట్లాడతాం" అని స్పానిష్‌లో పెద్ద అక్షరాల బోర్డు. మా వాళ్ళు దాన్ని చదవలేరు కనక నొచ్చుకోలేదు.

హాల్లో పిన్ని పాఠం చెప్పేది.

"అను. నాకు అర్థం కాలేదు."

"సిగ్గేస్తోందక్కా."

"సిగ్గా? రేపు పన్ను బదులు నాలుక పీకితే అప్పుడు పడుదువుగాని సిగ్గు. అను."

"నాకు అర్థం కాలేదు."

"దోమ మూలిగినట్టుంది. వీధి చివర్నుంచి మొగుణ్ణి ఏ గొంతుతో పిలుస్తావు?"

"అది వేరే గొంతక్కా. దానికి కోపం రావాలి."

"అయితే డాక్టరే నీ మొగుడనుకో. తాగొచ్చాడనుకో."

హాలంతా నవ్వులు. ఆ పిల్ల లేచి నిలబడి, చీదరించుకున్నట్టుగా, "నాకు అర్థం కాలేదు!" అని అరిచేది. లోపల్నుంచి నర్సు తొంగిచూసేది ఏం కొంప మునిగిందోనని.

డాక్టర్లు పిన్నిని గదుల్లోకి రానిచ్చారు, మొదట జాలికొద్దీ, తర్వాత గతిలేక. కొన్నాళ్ళకి వారానికి మూడు రోజులు జీతమిచ్చి దుబాసీగా పెట్టుకున్నారు. ఆమె పద్ధతి ఒకటే. డాక్టరు తనకొచ్చిన స్పానిష్‌లో రోగితోనే నేరుగా మొదలుపెడతాడు, రోగి డాక్టరు బూట్లకేసి చూస్తూ సీ అంటాడు. వరసగా మూడోసారి సీ వచ్చిందంటే పిన్ని చెయ్యెత్తేది.

"ఆగండి డాక్టర్ గారూ. మూడయ్యాయి. ఈయనకి ఒక్క ముక్క అందలేదు. మొదట్నించి రండి."

ఒక సీ నిజం కావచ్చు, రెండోది కూడా కావచ్చు, మూడోది కూడా వస్తే మనిషి గదిలోంచి ఎప్పుడో వెళ్ళిపోయాడనీ, కుర్చీలో మర్యాద ఒక్కటే కూచుందనీ ఆమె లెక్క. ఆ లెక్క తప్పగా నేను చూడలేదు. అయితే పావుగంటలో తేలాల్సిన రోగి నలభై నిమిషాలు తీసుకునేవాడు. అక్కడే వచ్చింది తంటా.

కొత్త మేనేజరమ్మ పేరు రెబొయేదో, అందరూ సెన్యోరా, అంటే అమ్మగారు, అని పిలిచేవాళ్ళు. మెక్సికోలో గ్వాదలహారా పట్నం వాళ్ళు, తాతల నాడే వచ్చి స్థిరపడ్డారు. కోటు మడత నలగదు, గొంతు పెరగదు. ఒక శుక్రవారం పిన్నిని గదిలోకి పిలిచి బల్ల మీది కొత్త ఫోను చూపించింది. మీట నొక్కితే ఏ భాషకి ఆ భాష దుబాసీ అవతల్నుంచి పలుకుతుందట.

"చూడు ఒబ్దూలియా, నీ మీద నాకేం కోపం లేదు. నీకు సర్టిఫికెట్ లేదు. ఇందులో మాట్లాడేవాళ్ళకి ఉంది."

"దీనికి కళ్ళున్నాయా సెన్యోరా?"

"ఏమిటి?"

"రోగి సీ అంటూ నేల చూపులు చూస్తాడు. అది దీనికి కనిపిస్తుందా అని."

"మీ యాస కూడా ఉంది అందులో. అడిగి మరీ తీసుకున్నాను."

"ఏ కొండది?"

"కొండేమిటి? మీ యాస, అంతే."

పిన్ని నవ్వింది. వాన మాట కొండకొకటి. ఒక కొండ దాటితే సగం అర్థమవుతుంది, మూడు దాటితే అసలేం కాదు. సముద్రం వైపు వాళ్ళు మాట్లాడుతుంటే మాకు పాట విన్నట్టుంటుంది, చెవికి బాగుంటుంది, లోపలికేమీ దిగదు. ఆ సంగతి చెప్పింది. రెబొయేదో గోడ గడియారం కేసి చూసింది.

"సోమవారం నుంచి నువ్వు వరండాలో కూచుని ఫారాలు నింపిపెట్టు. గదుల్లో అడుగుపెట్టకు. పెడితే ఇక్కడ నీకు పని ఉండదు."

మంగళవారం నేను క్రెసెన్సియో తాతని క్లినిక్కుకి తీసుకెళ్ళాను. మా ఇంటి వెనక కారు షెడ్డులో ఉంటాడాయన, ఒంటరి మనిషి, షుగరు జబ్బు. నీళ్ళు నిలిచిన చాళ్ళలో చిల్లుల బూటుతో నడిచి నడిచి కుడికాలి వేళ్ళ దగ్గర పుండు పడింది. వాసన వచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. అరవై ఎనిమిదేళ్ళ జీవితంలో ఆయన ఎవరికీ కాదని చెప్పిన పాపాన పోలేదు. పిన్ని పాఠాలన్నిట్లో మొండి విద్యార్థి ఆయనే. "అను మామా, నాకు అర్థం కాలేదు," అంటే చేతులు నలుపుకుని, "ఎందుకులే అమ్మాయ్, వాళ్ళు బాధపడతారు," అనేవాడు.

నర్సు ఆయన్ని చక్రాల కుర్చీలో లోపలికి తోసుకుపోయింది, నన్ను బయటే ఉండమంది. లోపలుండి నేను చేసేదీ ఏమీ లేదు. ఇక్కడే పెరిగిన నాకు వాన మాట రొట్టె పెట్టమని అడిగేంత వరకే వచ్చు. బోలెడన్ని పుస్తకాలు చదివాను, అవన్నీ ఇతరుల భాషల్లో. వరండాలో ఆ గది తలుపు పక్కనే పిన్ని బల్ల వేసుకుని ఫారాలు నింపుతోంది. తలుపు పల్చన. లోపల డాక్టర్ హాస్కెల్ గొంతు వినిపించింది, తర్వాత ఫోనులోంచి ఒక ఆడగొంతు, పాటలా. తర్వాత తాత.

"సీ."

పిన్ని కలం ఆగింది.

మళ్ళీ డాక్టరు, మళ్ళీ ఫోను. "సీ."

"పిన్నీ, వద్దు," అన్నాను. "పని పోతుంది."

"నోర్ముయ్, లెక్క తప్పుతుంది."

"సీ, దొక్తోర్."

ఆమె లేచి తలుపు తోసింది. తట్టలేదు. వెనకే నేనూ వెళ్ళాను.

"డాక్టర్ గారూ, మూడయ్యాయి."

హాస్కెల్ కుర్రవాడు, కళ్ళ కింద నల్లగా ఉంది. "మీరు లోపలికి రాకూడదు ఒబ్దూలియా. ఆ సంగతి మీకూ తెలుసు."

"ఆయన దేనికి సీ అన్నాడు?"

"గురువారం ఆసుపత్రిలో రెండు కాలివేళ్ళు తీసేయడానికి. పుండు ఎముక దాకా పోయింది. తీయకపోతే పాదమే పోతుంది. అంతా చెప్పాం. ఒప్పుకున్నారు."

"ఆయనకి తెలీదు."

"నేను స్పష్టంగానే చెప్పానండీ," అంది ఫోను.

పిన్ని ఫోను మీదికి వంగింది. "నీదే వైపు తల్లీ?"

"సముద్రం వైపు. మీది?"

"మాది పై కొండలు. తప్పు నీది కాదు. నువ్వు చెప్పింది నాకే ముప్పాతిక వంతు అందలేదు. ఈయనకేం అందుతుంది?"

చెప్పుల చప్పుడు. రెబొయేదో వచ్చి గుమ్మంలో నిలబడింది. "బయటికి రా ఒబ్దూలియా. ఇప్పుడే."

పిన్ని డాక్టరు కూచునే చక్రాల పీట లాక్కుని దానిమీద కూచుంది. కాళ్ళు నేలకి అందలేదు.

"డాక్టర్ గారూ, ఫోనుతో ఇంకొక్క ప్రశ్న అడిగించండి. ఆయన కడుపుతో ఉన్నాడా అని."

"ఏమన్నారు?"

"అడిగించండి. ఆయన కాదంటే నేనే లేచిపోతాను. మళ్ళీ ఈ గుమ్మం తొక్కను."

"ఇది క్లినిక్కా, సర్కస్సా?" అంది రెబొయేదో.

హాస్కెల్ ఆమెకేసీ చూడలేదు, పిన్నికేసీ చూడలేదు. తాత కాలికేసి కాసేపు చూశాడు. తర్వాత ఫోనుతో అడగమన్నాడు.

ఫోను తడబడింది. "డాక్టర్, రోగి మగవారన్నారు కదా?"

"మగవారే. అడగండి."

ఫోను అడిగింది. క్రెసెన్సియో తాత మోకాలి మీది టోపీ సర్దుకుని, వీపు నిటారుగా పెట్టి, తల వంచాడు.

"సీ, దొక్తోర్."

"ఎన్నో నెల?" అని కూడా డాక్టరు ఫోనుతో అడిగించాడు.

"సీ."

వరండాలో నర్సు ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అందరూ నవ్వుతున్నారు కదా అని తాత కూడా నవ్వాడు, బోసి చిగుళ్ళతో, ఏదో సరిగ్గానే జవాబు చెప్పినట్టు. ఆ నవ్వు చూశాక నేను నవ్వడం ఆపేశాను. పిన్ని మాత్రం ముందునుంచీ నవ్వలేదు. పీట ఆయన మోకాళ్ళ దాకా జరుపుకుని మా మాటలో మాట్లాడింది. వాళ్ళేమనుకున్నారో తర్వాత ఆమే నాకు చెప్పింది.

"మామా, గురువారం నీ కాలివేళ్ళు రెండు కోసేస్తారట."

టోపీ జారి కింద పడింది. "ఎవరు?"

"నువ్వే ఒప్పుకున్నావు."

"నేనా? కట్టు మార్చమంటావా అని అడుగుతున్నారనుకున్నానే!"

"ఇప్పుడేమో నీకు కడుపొచ్చిందని కూడా ఒప్పుకున్నావు."

ముసలాయన తన పొట్టకేసి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా ఫోనుకేసి, డాక్టరుకేసి చూశాడు. ఆయన ఒక చదువుకున్న మనిషి ముఖంలోకి సూటిగా చూడటం నేనెప్పుడూ ఎరగను.

"ఆఖరిసారి చెప్తున్నా," అంది రెబొయేదో. గొంతు అప్పుడు కొంచెం పెరిగింది. "పోలీసుల్ని పిలుస్తాను."

పోలీసు అన్న మాట అర్థం కాని కొండ లేదు. హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. ముగ్గురు లేచి పిల్లల్ని చంకన వేసుకుని పక్క తలుపులోంచి వెళ్ళిపోయారు. వెళ్ళిపోయినవాళ్ళకి లేని కాగితాలు పిన్నికీ లేవు. పీట దిగుతుందనుకున్నాను. దిగాలనే కోరుకున్నాను కూడా.

"పిలవండి సెన్యోరా," అంది. "మా వాళ్ళతో మాట్లాడాలంటే వాళ్ళకీ దుబాసీ కావాలి కదా. ఇక్కడే ఉంటాను."

హాస్కెల్ ఫోను కట్టేశాడు.

"సెన్యోరా రెబొయేదో, ఆ తలుపు వేస్తారా? నేను రోగిని చూస్తున్నాను."

యాభై నిమిషాలు పట్టింది. ఎవర్నీ ఏదీ అడగని మనిషి ఆ రోజు అడుగుతూనే ఉన్నాడు. కోయకపోతే ఏమవుతుంది? కోస్తే చాళ్ళలో నిలబడగలనా? కోసిన వేళ్ళు ఏం చేస్తారు, నాకిస్తే పాతిపెట్టుకుంటాను కదా? మత్తు ఇచ్చాక ఆశపడి ఇంకోటి కూడా కోసేస్తే అడిగేదెవరు? డాక్టరు ఒక్కోదానికి జవాబు చెప్పాడు, తెలియనిదాన్ని తెలియదన్నాడు, కాగితం మీద పాదం బొమ్మ గీసి ఎక్కడిదాకా కోస్తారో గీత పెట్టి చూపించాడు. తాత ఆ గీతని వేలితో తడిమి, ఇంకొంచెం కిందికి జరపమని బేరమాడాడు. కుదరదన్నాడు డాక్టరు. ఎందుకు కుదరదో మళ్ళీ చెప్పించుకున్నాడు. అంతా అయ్యాక, తడుముకోకుండా, వాన మాటలో అన్నాడు:

"రెండు ఇస్తాను. మూడోదాని జోలికొస్తే తంతాను. ఆ కాలితోనే."

పిన్ని ఒక్క అక్షరం మార్చకుండా స్పానిష్‌లో చెప్పింది. హాస్కెల్ దాన్ని అలాగే ఒప్పుదల కాగితం మీద రాసి, ఆయనచేత వేలిముద్ర వేయించాడు. గురువారం రెండే తీశారు. పాదం మిగిలింది.

పోలీసులు రాలేదు. సాయంత్రానికి పిన్ని చేతికి ఒక కవరు వచ్చింది. ఆదేశం మీరినందుకు ఉద్యోగం తీసేశాం అని అందులో రాసుంది. ఇది గెలుపని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఫోను ఆ బల్ల మీదే ఉంది. డాక్టర్ హాస్కెల్ ఒక ఫిర్యాదు రాశాడు, దాన్ని ఎవరు చదివారో తెలియదు. పిన్ని వారంలో ఆరు రోజులూ మళ్ళీ చాళ్ళలోకి పోయింది.

ఆరు రోజులు అనుకున్నాను. మరుసటి మంగళవారం మేస్త్రీతో కడుపునొప్పని చెప్పి, తలకి నూనె రాసుకుని, జడ వేసుకుని క్లినిక్కుకి బయల్దేరింది. వెంట నేనూ వెళ్ళాను, గొడవైతే చూద్దామని.

రెబొయేదో కౌంటరు దగ్గరే ఉంది. "నీకిక్కడ పని లేదు ఒబ్దూలియా."

"పనికి రాలేదు సెన్యోరా. మా మరదలికి తోడొచ్చాను."

వెనక నిండు చూలాలు ఒకర్తె నిలబడి ఉంది. ఆ పిల్ల మాకేమీ కాదు, పోయిన నెలే ఊళ్ళోకి వచ్చింది. రోగి వెంట ఇంటి మనిషి ఒకరు గదిలోకి వెళ్ళొచ్చని కౌంటరు మీద వాళ్ళే అంటించిన కాగితం ఉంది. ఫారంలో గడి కూడా ఉంది, వెంట వచ్చినవారు ఏమవుతారని. గుమాస్తా పిల్ల మరదలు అని రాసుకుంది. ఇద్దరూ లోపలికి వెళ్ళారు.

అరగంటకి పిన్ని బయటికొచ్చింది. అప్పటికే తర్వాతి రోగి కౌంటరు దగ్గర చెప్తోంది: "తోడుకి మా అక్క ఉంది. అదుగో, వస్తోంది."

ఆ తర్వాత ఒకామెకి మేనత్త అయింది. ఒక చంటివాడికి అమ్మమ్మ అయింది. పదకొండు గంటలకి తెల్లమీసాల పెద్దాయన ఒకాయన టోపీ తీసి, నేర్చుకున్న స్పానిష్ ముక్కలు కూడదీసుకుని, "మా పిన్ని," అన్నాడు.

రెబొయేదో ఇక ఉండబట్టలేకపోయింది. "ఈయన నీకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద!"

"వరసకి వయసుతో ఏం పని సెన్యోరా?" అంది పిన్ని.

"అసలెంతమంది ఉన్నారు నీకు చుట్టాలు?"

హాల్లో గోడ పక్క కుర్చీలో ఉన్నామె లేచి నిలబడింది. ఆమె పక్కనున్నామె కూడా లేచింది. చిట్టచివర చంటిపిల్లతో ఉన్నతను తనూ లేవాలేమోనని లేచాడు.

"వాళ్ళనే అడగండి," అంది పిన్ని. "స్పానిష్‌లో అడిగితే మాత్రం కొంచెం ఓపిక పట్టాలి."

గుమాస్తా పిల్ల తల దించుకుని ఆ గడిలో పిన్ని అని రాసింది. పెద్దాయన చెయ్యి పట్టుకుని పిన్ని ఆ గదిలోకి నడిచింది. తలుపు తనే వేసుకుంది.